షోరూంకైనా నర్సరీకైనా, ముందు ఇంటి నీళ్లు చూసుకొని పోండి

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు కొత్త గీజర్ రెండో ఏడే కాయిల్ కాలిపోయినా, నర్సరీ నుంచి తెచ్చిన నిమ్మ మొక్క ఆకులు వెలిసిపోయినా ముందు అనుమానించాల్సింది బోరు నీళ్లనే. ఏ కంపెనీ మంచిది, ఏ రకం మొక్క మంచిది అనే ప్రశ్నలు ఆ తర్వాతివి. పక్కింట్లో పదేళ్లు నడిచిన మిషన్ మన ఇంట్లో మూడేళ్లకే పాడైందంటే, వాళ్లది కృష్ణా నీళ్ల నల్లా, మనది ఆరువందల అడుగుల బోరు అయి ఉండొచ్చు.

తెలుసుకోవాల్సినవి మూడు: టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న ఉప్పుల మొత్తం), కఠినత (అందులో సున్నం పేరుకునేలా చేసే కాల్షియం, మెగ్నీషియం పాలు), ఫ్లోరైడ్. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దులు లీటరుకు టీడీఎస్ 500 మిల్లీగ్రాములు, కఠినత 200, ఫ్లోరైడ్ 1. వేరే నీళ్లు దొరకని చోట టీడీఎస్ 2000, కఠినత 600, ఫ్లోరైడ్ 1.5 దాకా సరిపెట్టుకోవచ్చంటారు. టీడీఎస్‌ను కొన్ని వందల రూపాయల మీటర్ చెబుతుంది. ఫ్లోరైడ్‌ను అది చెప్పదు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్‌కు పేరుపడ్డ మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఉన్నవాళ్లు ఈ మాట రెండుసార్లు చదువుకోవాలి. మీటర్‌లో 600 చూపించే నీళ్లలో ఫ్లోరైడ్ 3 ఉండొచ్చు. కాల్షియం తక్కువున్న భూగర్భ జలంలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా కరుగుతుంది కాబట్టి, సబ్బు బాగా నురగ వస్తోంది, పప్పు బాగా ఉడుకుతోంది, కనుక నీళ్లు మంచివే అనుకునే లెక్క ఇక్కడ తప్పుతుంది. ఫ్లోరైడ్‌ను ల్యాబులో పరీక్ష చేయించాల్సిందే.

ఇంటికి రెండు రకాల నీళ్లు వస్తుంటే, అంటే మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నల్లా ఒకటి, బోరు ఒకటి ఉంటే, రెండింటినీ ఒకే సంపులో కలపకండి. ఇళ్లు కట్టేటప్పుడు మేస్త్రీలు పని తేలికని ఒకటే సంపు, ఒకటే ట్యాంకు పెడతారు. 200 లీటర్ల చిన్న ట్యాంకు ఒకటి విడిగా పెట్టి, నల్లా నీళ్లు అందులోకి ఎక్కించి, వంటింటికీ వాషింగ్ మిషన్‌కూ ఒక పైపు లాగితే మిగతా ఎంపికలన్నీ సగం తేలికవుతాయి.

తాగే నీళ్ల మిషన్: ఆర్‌ఓనా, యూవీనా

నల్లా నీళ్లే తాగుతూ, టీడీఎస్ 500 లోపు, ఫ్లోరైడ్ 1 లోపు ఉంటే ఆర్‌ఓ, అంటే మెంబ్రేన్ అనే సన్నటి పొరగుండా నెట్టి నీళ్లలోని ఉప్పులు తీసే మిషన్, అక్కర్లేదు. యూవీ (అతినీలలోహిత దీపం), యూఎఫ్ (సన్నటి వడపోత) ఉన్న మిషన్ చాలు. అది సూక్ష్మజీవుల సంగతి చూస్తుంది, నీళ్లు వృథా చేయదు. బోరు నీళ్లు తాగక తప్పనివాళ్లకు, ఫ్లోరైడ్ ఉన్నవాళ్లకు మాత్రం ఆర్‌ఓ తప్ప ఇంట్లో పెట్టుకోగలిగే తేలిక మార్గం లేదు. మరగబెట్టితే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై, మిగిలిన నీళ్లలో ఇంకాస్త చిక్కబడుతుంది. యూవీ దీపానికి దానితో సంబంధమే లేదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. కానీ అది మోతాదు తూచి, కలిపి, తేర్చుకునే పని. రోజూ వంటింట్లో సాగదు.

కొత్త ఆర్‌ఓ బిగించిన రోజు నిండే మొదటి రెండు ట్యాంకులూ పారబోయాలి. మెంబ్రేన్‌కు పూసిన రసాయనం, కార్బన్ నలుసులు వాటిలో పోతాయి. ఒక లీటరు మంచినీళ్లకు మూడు లీటర్ల దాకా బయటికి పోవడం ఇంటి మిషన్లలో మామూలే, అది లీకేజీ కాదు. బిగించిన మర్నాడు లోపలి నీళ్ల టీడీఎస్, బయటి నీళ్ల టీడీఎస్ రెండూ కొలిచి మిషన్ మీదనే రాసి పెట్టండి. నెలలు గడిచాక బయటి అంకె పెరుగుతూ పోతే మెంబ్రేన్ పోతున్నట్టు. కొందరు మెకానిక్‌లు నీళ్లు రుచిగా ఉంటాయని టీడీఎస్ కంట్రోలర్ తిప్పి కొంచెం బోరు నీళ్లు కలిపేస్తారు. ఫ్లోరైడ్ ఊళ్లలో అది తిప్పనివ్వకండి. వడకట్టిన ఫ్లోరైడే ఆ సందులోంచి మళ్లీ గ్లాసులోకి వస్తుంది.

బయటికి పోయే ఆ మూడు లీటర్ల నీళ్లు ఏం చేయాలన్నది మొక్కల దగ్గర మళ్లీ వస్తుంది.

వాషింగ్ మిషన్

షోరూంలో అడగని ప్రశ్న ఒకటుంది: మీ ట్యాంకు ఎంత ఎత్తులో ఉంది? పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. ఒకే స్లాబు ఇంటి మీద ట్యాంకు ఉంటే మిషన్ నల్లా దగ్గరికి వచ్చేది మూడున్నర, నాలుగు మీటర్లు, అంటే 0.35–0.4 బార్. కొన్ని మోడళ్లు 0.3తోనే నడుస్తాయి, కొన్నింటికి 0.5 కావాలి. తక్కువైతే మిషన్ నీళ్ల కోసం చూసీ చూసీ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. మెకానిక్ వచ్చి ఇన్‌లెట్ వాల్వ్ మార్చాలంటాడు. వాల్వ్ బాగానే ఉంటుంది. కొనేముందే మాన్యువల్‌లో ఆ అంకె చూసి, చాలకపోతే ట్యాంకును దిమ్మె మీదికి ఎత్తించండి, లేదా చిన్న ప్రెషర్ పంపు పెట్టించండి.

ఇక రకం. ఫ్రంట్ లోడ్‌కు నీళ్లు తక్కువ, ఏడు కిలోల మిషన్ ఒక ఉతుక్కు యాభై, డెబ్బై లీటర్లతో సరిపెడుతుంది. పూర్తి ఆటోమేటిక్ టాప్ లోడ్‌కు అంతకు రెట్టింపైనా పోతాయి. వేసవిలో బోరు గంటసేపు కూడా పోయని ఇంట్లో ఈ తేడా చిన్నది కాదు. అయితే ఫ్రంట్ లోడ్‌లో హీటర్ ఉంటుంది. కఠినత 400, 500 ఉన్న నీళ్లను రోజూ 60 డిగ్రీలకు కాచితే హీటర్ చుట్టూ సున్నం పేరుకుంటుంది. దాంతో వేడి నీళ్లకు అందదు, హీటర్‌లోనే ఉండిపోయి కాయిల్ కాలిపోతుంది. కాబట్టి బోరు నీళ్లు తప్ప గతిలేని ఇంటికి హీటర్ లేని టాప్ లోడ్ మంచిది. నల్లా నీళ్లు మిషన్ దాకా తేగలిగితే ఫ్రంట్ లోడ్. రెండు రోజులకోసారి గంటసేపు నీళ్లొచ్చే ఇంటికి, పైన ట్యాంకే లేని ఇంటికి సెమీ ఆటోమేటిక్‌ను మించింది లేదు. బకెట్‌తో పోసుకోవచ్చు, ఉతికిన సబ్బు నీళ్లలోనే రెండో విడత వేసుకోవచ్చు. పాతకాలం మిషన్ అని దాన్ని తీసిపారేయకండి.

ఫ్రంట్ లోడ్ ఇంటికి రాగానే వెనక పక్క మూడో నాలుగో పొడుగాటి బోల్టులు ఉంటాయి. రవాణాలో డ్రమ్ము ఊగకుండా బిగించినవి. అవి తీయకుండా స్పిన్ పెడితే మిషన్ గది అంతా తిరుగుతుంది, సస్పెన్షన్ దెబ్బతింటుంది. తీసినవాటిని దాచిపెట్టండి, ఇల్లు మారినప్పుడు మళ్లీ కావాలి. కొత్త మిషన్ డ్రమ్ములో కాసిని నీళ్లు కనిపిస్తే అది వాడిన మిషన్ కాదు, ఫ్యాక్టరీ పరీక్షలో మిగిలిన నీళ్లు. రబ్బరు వాసన మొదటి కొన్ని ఉతుకుల్లో పోతుంది. తెర మీద 40 నిమిషాలని చూపించి గంట నడవడం కూడా లోపం కాదు, బట్టలు ఒక పక్కకు చేరితే సర్దుకోవడానికి టైం తీసుకుంటుంది. ఒక్క దుప్పటిని విడిగా వేస్తే ఇది ఎక్కువ. జోడీగా రెండు తువ్వాళ్లు వేయండి.

ఉప్పు నీళ్లలో పౌడర్ సరిగా కరగక నల్ల బట్టల మీద తెల్ల చారలు వస్తాయి. లిక్విడ్ వాడితే చాలామటుకు తగ్గుతుంది. రెండు నెలలకోసారి ఖాళీ డ్రమ్ములో 100 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి 60 డిగ్రీల ప్రోగ్రాం నడిపితే సున్నం కరుగుతుంది. హీటర్ లేని మిషన్‌లో వేడినీళ్లు మీరే పోయాలి. ఆ సమయంలో బ్లీచింగ్, హైపో లాంటివి దగ్గరికి రానివ్వకండి. ఆమ్లంతో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. చిన్న బాత్రూంలో అది ప్రమాదం.

గీజర్

మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ 3 కిలోవాట్లది. నీళ్ల వేడిని 20 డిగ్రీలు పెంచాలంటే నిమిషానికి రెండు లీటర్ల చొప్పునే ఇవ్వగలదు. 18 లీటర్ల బకెట్ నిండటానికి ఎనిమిది, తొమ్మిది నిమిషాలు. నల్లా పూర్తిగా తిప్పి, నీళ్లు కాగట్లేదని ఫోన్ చేసేవాళ్లు చాలామంది. సన్నగా తిప్పాలి, అంతే. 15 లీటర్ల స్టోరేజీ గీజర్ 2 కిలోవాట్లతో ఇరవై నిమిషాల్లోపు 60 డిగ్రీలకు వస్తుంది, చన్నీళ్లు కలుపుకుంటే ముప్పై లీటర్ల స్నానపు నీళ్లు. నలుగురున్న ఇంటికి 25 లీటర్లది.

బోరు నీళ్లకు స్టోరేజీ తీసుకునేటప్పుడు ట్యాంకు లోపలి పూత ఏదైనా, మెగ్నీషియం యానోడ్ రాడ్ ఉందా అని చూడండి. ట్యాంకు తుప్పు పట్టకుండా అది తాను కరిగిపోతుంది. మన నీళ్లకు ఏటా ఒకసారి తీసి చూడాలి, సన్నబడితే మార్చాలి. సర్వీసుకు వచ్చినవాళ్లు మీరు అడిగితే తప్ప దాని జోలికి పోరు. థర్మోస్టాట్ 50–55 మీద ఉంచితే సున్నం పట్టడం తగ్గుతుంది. కాగేటప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడటం మామూలే, నీళ్లు వేడికి వ్యాకోచిస్తాయి. స్విచ్ కట్టేసినా గంటల తరబడి కారుతుంటేనే లోపం. ఆ చుక్కలు ఆపుదామని వాల్వ్‌కు బిరడా కొట్టడం మాత్రం ట్యాంకును పగలగొట్టుకోవడమే.

కూలరా, ఏసీనా

ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది. 42 డిగ్రీలు, తేమ పాతిక శాతం ఉన్న గాలిని మంచి కూలర్ 28–30 దాకా దించుతుంది. అదే కూలర్ తొలకరి పడ్డాక 34 డిగ్రీలు, 65 శాతం తేమలో నాలుగైదు డిగ్రీలు దించి, ఒళ్లంతా జిడ్డు చేస్తుంది. కూలర్ చెడిపోలేదు, గాలే మారింది. కాబట్టి కూలర్‌ను మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా పనికొచ్చే వస్తువుగా లెక్కేసుకొని కొనండి. ఆ మూడు నెలలకు 200 వాట్లతో గడిచిపోవడం తక్కువ లాభం కాదు. కిటికీ బయట పెట్టి, ఎదురుగా మరో కిటికీ తీసి ఉంచాలి. తలుపులన్నీ మూసి గదిలో పెట్టుకుంటే అరగంటలో జూన్ నెల ఇంట్లోకే వస్తుంది.

ప్యాడ్ల విషయంలో సలహా షోరూం చెప్పేదానికి తిరగబడుతుంది. తేనెపట్టులా సందులున్న హనీకూంబ్ ప్యాడ్ చల్లదనం ఎక్కువ ఇస్తుంది, నీళ్లు తక్కువ కారుస్తుంది, చూడటానికీ బాగుంటుంది. కానీ టీడీఎస్ 1000 దాటిన నీళ్లకు దాని సందులు ఒక్క వేసవిలోనే తెల్లటి పెచ్చులతో మూసుకుపోతాయి, మార్చాలంటే ఖరీదు. గడ్డి ప్యాడ్ ఏటా మార్చుకోవచ్చు, చవక. దాని లోపం, నెల తిరిగేసరికి గడ్డి కిందికి జారి పైన ఖాళీ పడటం. వేడిగాలి అక్కణ్నుంచే లోపలికి వస్తుంది. జాలీ తీసి గడ్డి పైకి ఎగదోసి కట్టాలి. కొత్త ప్యాడ్ల కర్ర వాసన మూడు నాలుగు రోజులు ఉంటుంది.

ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. అడుగున ఉన్నదాని మీదే రోజూ కొత్త నీళ్లు పోస్తూ పోతే వారానికి తొట్టిలో ఉన్నది ఉప్పు ద్రావణమే. రెండు రోజులకోసారి అడుగు బిరడా తీసి మొత్తం వదిలేయాలి. దోమ గుడ్డు నుంచి ఎగిరేదాకా వారం, పది రోజులే పడుతుంది కాబట్టి ఎలాగూ వదలక తప్పదు.

పై అంతస్తు, మీద స్లాబు తప్ప ఏమీ లేని గదికి ఏసీ కొంటే 1 టన్ను సరిపోయే చోట 1.5 టన్ను తీసుకోండి. 43 డిగ్రీల ఎండలో ఏ ఏసీ అయినా లేబుల్ మీద రాసినంత చల్లదనం ఇవ్వదు, మొదటి రోజుల్లో గది చల్లబడటానికి గంట పట్టడం మామూలే. ఇంకో ఫిర్యాదు: కొత్త ఏసీ నుంచి నీళ్లు రావట్లేదు, గ్యాస్ తక్కువుందేమో! పొడి మే నెలలో గాలిలో తేమే లేనప్పుడు పైపు నుంచి చుక్క రాకపోవచ్చు. జూలైలో బకెట్ నిండుతుంది. ఆ నీళ్లు పట్టి పెట్టుకోండి, వాన నీళ్లు కాక ఉప్పు లేని నీళ్లు మన దగ్గర ఊరికే దొరికేది అక్కడే. కుండీల్లోని కరివేపాకుకు అవి బంగారం.

ఫ్రిజ్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, దానికి నీళ్లతో పని తక్కువ. పడుకోబెట్టి తెస్తే నిలబెట్టి కొన్ని గంటలాగి స్విచ్ వేయాలి. పక్కలు వేడెక్కడం మామూలే, వేడి వదిలే గొట్టాలు అక్కడే ఉంటాయి. పొలాల ఫీడర్ మీదున్న ఇళ్లలో మోటార్లు నడిచే వేళ వోల్టేజీ పడిపోతుంది. 'స్టెబిలైజర్ అక్కర్లేదు' అన్న స్టిక్కర్ కింద ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా అన్నది చిన్నక్షరాల్లో ఉంటుంది, మీ ఇంటి వోల్టేజీ అందులో పడుతుందో లేదో చూడండి.

పెరటి మొక్కలు

మన చల్క నేలలో, అంటే ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర నేలలో, నీళ్లు నిలవవు, వేర్లకు అది మంచిదే. కానీ తడి ఆగదు, సేంద్రియం తక్కువ, చెదలు ఎక్కువ. పచ్చి పెంట వేస్తే చెదలను పిలిచినట్టే. బాగా చివికినది రెండు గంపలు, వేపపిండి ఒక కిలో పైమట్టితో కలిపి, రెండడుగుల గుంత నింపండి. మామిడికైతే మూడడుగులు.

నిమ్మా, బత్తాయా అని అడిగితే, ఇంటికి నిమ్మ. నల్లగొండ బత్తాయికి పేరున్న మాట నిజమే, కానీ అది తోట పంట. సరైన తడి, బెట్ట (కొన్నాళ్లు నీళ్లు ఆపడం) వేళకు ఇవ్వకపోతే పూత నిలవదు. నిమ్మకు అంటు మొక్కే కావాలని పట్టుబట్టి ఎక్కువ డబ్బు పెట్టాల్సిన పనిలేదు. నిమ్మ గింజ నుంచి తల్లిని పోలిన మొక్కలే ఎక్కువగా వస్తాయి. గజ్జి తెగులును బాగా తట్టుకునే బాలాజీ రకం అడగండి. బత్తాయి మాత్రం గింజ మొక్క కొనకండి. రంగపూర్ నిమ్మ మీద కట్టిన సాత్‌గుడి (బత్తాయి రకం) అంటు తీసుకొని, వేరు మూలం, అంటే అంటు కట్టిన కింది మొక్క, పేరు బిల్లు మీద రాయించుకోండి. అంటు కట్టు నేలకు జానెడు పైన ఉండాలి. కట్టు కింద నుంచి ముళ్ల కొమ్మ గుబురుగా లేస్తే మొక్క ఏపుగా ఉందని సంబరపడొద్దు, అది వేరు మూలం. వెంటనే తుంచేయాలి.

మొదటి ఏడు నిమ్మ చిగుళ్ల మీద వెండి గీతలు వంకరటింకరగా కనిపిస్తాయి. అది ఆకు తొలిచే పురుగు, లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి చిగుళ్లప్పుడు కొడితే చాలు. ఆకు మీద పిట్ట రెట్టలా ఉండేది కదిలితే అది సీతాకోకచిలుక గొంగళి. చేత్తో ఏరండి, చిన్న మొక్కను నాలుగు రోజుల్లో మోడు చేస్తుంది.

ఇవి పోతాయి. పోనిది ఇంకొకటి: కొత్త ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉండటం. నిమ్మలో, కరివేపాకులో, గులాబీలో ఒకేలా కనిపిస్తుంది. ఇనుము నేలలో లేక కాదు, సున్నం ఎక్కువున్న నేలలో, బోరు నీళ్లలో అది వేరుకు అందక. యూరియా వేస్తే పచ్చబడదు. లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, సాయంత్రం ఆకుల మీద వారం తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేయండి. నిమ్మ ఉప్పు వాషింగ్ మిషన్‌కు తెచ్చిన డబ్బాలోంచే తీసుకోవచ్చు. ద్రావణం తుప్పు రంగుకు తిరిగితే పారబోసి మళ్లీ కలపాలి.

ఆర్‌ఓ వృథా నీళ్ల సంగతి. బోరు నీళ్ల టీడీఎస్ 1200 ఉంటే బయటికి పోయే నీళ్లది దాదాపు 1550. ఇల్లు తుడవడానికి, బాత్రూంకు వాడండి. పోయక తప్పకపోతే కొబ్బరికి, కొంతవరకు దానిమ్మకు పోయొచ్చు. నిమ్మ, బత్తాయి, మామిడి, గులాబీకి వద్దు, ఆకుల అంచులు మాడతాయి. కూలర్ తొట్టి నీళ్లు వీటికన్నా ఉప్పగా ఉంటాయి, కుండీలకు అసలే వద్దు.

చెట్టు కావాలంటే మామిడా, సీతాఫలమా? చోటు, నీళ్లు ఉంటే బంగినపల్లి అంటు. మొదటి ఏడే పూత వస్తుంది, మూడేళ్ల దాకా తుంచేయాలి, లేకపోతే చెట్టు గిడసబారుతుంది. నీళ్లు లేవంటే సీతాఫలం. దేశమంతా నాటే బాలానగర్ రకం మహబూబ్‌నగర్ జిల్లాదే. మన గుట్టల మీద తనంతట తాను పెరిగే చెట్టు కనుక పెద్దగా అడగదు. ఫిబ్రవరి, మార్చిలో ఆకంతా రాల్చి ఎండిన కట్టెలా నిలబడుతుంది. చచ్చిందని పీకేయకండి, బెరడు గోటితో గీకితే లోపల పచ్చ ఉంటుంది. ఎండాకాలం పూలు చాలావరకు రాలిపోతాయి, వానలు పడి గాలిలో తేమ వచ్చాకే పిందె నిలుస్తుంది.

తొందరగా కాపు చూడాలనుకునేవాళ్లకు పీకేఎం-1 రకం మునగ. గింజ నాటిన ఆరు నెలలకు కాయలు. మొక్క మూడడుగులకు రాగానే తల తుంచితేనే కొమ్మలేస్తుంది, లేకపోతే తాటిలా పెరిగి గాలికి విరుగుతుంది. బొప్పాయి కూడా తొమ్మిది, పది నెలలకే కాస్తుంది, కానీ పాదులో రెండు రోజులు నీళ్లు నిలిస్తే కుళ్లుతుంది. తిన్న పండు గింజలు నాటితే మగ చెట్లు తగలొచ్చు. జామకు గాలి అంటు తీసుకోండి, రెండో ఏడు నుంచి కాయలు.

మొక్కలు జూన్, జూలైలోనే కొనండి. లారీల్లో కడియం (గోదావరి ఒడ్డు నర్సరీల ఊరు) నుంచి వచ్చినవాటికి అక్కడి తేమ అలవాటు, మన పొడిగాలికి వారంలో సగం ఆకు రాలుస్తాయి. కొమ్మ పచ్చిగా ఉంటే భయం లేదు, పది రోజులు వేప నీడన ఉంచి తర్వాత నాటండి. వాటి సంచిలో ఉండేది బంకమట్టి. ఎండితే రాయిలా బిగుస్తుంది, చల్క నేలలో పెట్టి పైన ఎన్ని నీళ్లు పోసినా పక్క నుంచి జారిపోతాయి, మొక్క తడి నేలలోనే ఎండిపోతుంది. నాటే ముందు సంచితో సహా బకెట్ నీళ్లలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచండి. తర్వాత సంచి కోసి, గడ్డ పగలకుండా దించి, వేర్లు చుట్టలు చుట్టుకొని ఉంటే అడుగున మాత్రం కత్తితో రెండు గాట్లు పెట్టండి. మూడు నెలల దాకా యూరియా వేయొద్దు.